డిసెంబర్ 14 రాత్రి జెమినిడ్ ఉల్కలు: ఎవరెవరు ఎక్కడి నుంచి చూస్తున్నారు?

వేగుచుక్క (నిర్వాహకురాలు), హైదరాబాదు
9 డిసెంబర్ 2023, రాత్రి 8:12

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది జెమినిడ్ ఉల్కాపాతం మన ప్రాంతానికి అన్ని విధాలా కలిసివస్తున్నది. కార్తీక అమావాస్య 12వ తేదీన కాబట్టి 14వ తేదీ గురువారం నాటి నెలవంక చీకటి పడిన కాసేపటికే అస్తమిస్తుంది. ఉల్కాపాతం ముమ్మరమయ్యేది కూడా ఆ అర్ధరాత్రి దాటిన అరగంటకు, సుమారు 12:30 గంటల ప్రాంతంలోనే. ఆగస్టులో వచ్చే పర్సియిడ్లను వానాకాలపు మబ్బులు మనకు ఏటా దక్కనివ్వవు గనుక, తెలుగునాట ఉల్కలు చూడదలచిన వారికి ఏడాది మొత్తానికి ఇదే పండుగ.

ఎవరు ఎక్కడి నుంచి చూడబోతున్నారో, చూశాక ఏం లెక్క వచ్చిందో ఈ చర్చలోనే రాయండి. కెమెరాల గురించి వేరే చర్చ నడుస్తున్నది కాబట్టి ఇక్కడ కంటితో చూడటం గురించి మాత్రమే మాట్లాడుకుందాం.

పునర్వసు, హైదరాబాదు
9 డిసెంబర్, రాత్రి 9:40

నేను ఈ వేదికకు కొత్త. వికారాబాదు దాటిన తరువాత మా బాబాయి గారి పొలం ఉన్నది. నలుగురు స్నేహితులం అక్కడికి వెళ్ళాలని అనుకుంటున్నాము. గంటకు 150 ఉల్కలు రాలుతాయని పత్రికల్లో చదివాము. సాయంత్రం ఏడు గంటలకే మొదలుపెట్టవచ్చునా? ఏ దిక్కుకు చూడాలి? టెలిస్కోపు ఎవరి వద్దా లేదు.

నల్లమల నీడ, అచ్చంపేట
10 డిసెంబర్, ఉదయం 6:25

పునర్వసు గారూ, టెలిస్కోపు లేకపోవడమే మంచిది. ఉల్క ఆకాశంలో ఏ మూలనైనా కనిపించవచ్చు కాబట్టి దానికి కావలసింది వీలైనంత పెద్ద ఆకాశం, కదలకుండా పడుకోగలిగిన ఓపిక. పరికరం పట్టుకున్నవాడు చిటికెడు ఆకాశమే చూస్తాడు.

ఈ ఉల్కలన్నీ మిథునరాశిలో, పునర్వసు జంట చుక్కల్లో పైదైన కాస్టర్ పక్కనున్న ఒక బిందువు నుంచి వెలువడినట్లు కనిపిస్తాయి. మన అక్షాంశంలో ఆ కేంద్రబిందువు 14వ తేదీన రాత్రి ఏడున్నరకు ఈశాన్యంలో ఉదయిస్తుంది. పది గంటలకు దిగంతం నుంచి ముప్పై డిగ్రీల ఎత్తుకు వస్తుంది. రెండు గంటల పది నిమిషాల వేళకు దాదాపు నడినెత్తికి, కొంచెం ఉత్తరంగా చేరుతుంది. కేంద్రం ఎంత పైకి వస్తే అన్ని ఎక్కువ ఉల్కలు కనిపిస్తాయి. ఏడు గంటలకు వెళ్తే చలి మాత్రమే దొరుకుతుంది. అయితే ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య ఒకటో రెండో ఉల్కలు వాతావరణాన్ని ఏటవాలుగా ఒరుసుకుంటూ ఆకాశం ఈ చివర నుంచి ఆ చివరకు నింపాదిగా సాగిపోవడం నేను చూశాను. దానికోసం వెళ్తానంటే కాదనను.

మీ స్థలానికి ఒక చిక్కు ఉన్నది. వికారాబాదుకు హైదరాబాదు నేరుగా తూర్పున ఉంటుంది. పది గంటల వరకు మిథునరాశి ఆ నగరపు వెలుగు గొడుగు పక్కనే ఉంటుంది కాబట్టి మీరు కాళ్ళు పడమరకో నైరుతికో పెట్టి పడుకోండి. కేంద్రబిందువునే చూడనక్కరలేదు, అక్కడ ఉల్కలు పొట్టిగా, చుక్క మెరిసి మాయమైనట్లుగా ఉంటాయి. దానికి ఎడంగా, దిగంతానికి యాభై డిగ్రీల ఎత్తున, చీకటి ఎటు ఎక్కువైతే అటు చూడటమే పద్ధతి.

ఇక ఆ 150 సంగతి. కేంద్రబిందువు నడినెత్తిన ఉండి, 6.5 మాగ్నిట్యూడ్ (కాంతి అంకె, ఇది పెరిగేకొద్దీ చుక్క మసక) చుక్క కూడా కనిపించేంత చీకటి ఉండి, మబ్బుతునక అయినా లేకపోతే ఒక్క మనిషి గంటలో చూడగల సంఖ్య అది. దానిని జెడ్.హెచ్.ఆర్. అంటారు. అటువంటి ఆకాశం నాకు ఇరవై ఏళ్ళలో రెండు మూడుసార్లు దొరికింది. మీరు నలభై చూసినా బాగా చూసినట్లే.

మంచుతెర, చింతపల్లి
10 డిసెంబర్, ఉదయం 10:05

లంబసింగి వెళ్దామా అని ఎవరో ఒకరు అడుగుతారని ముందుగానే రాస్తున్నాను. దయచేసి రావద్దు. చలి అంటే లంబసింగి అన్న పేరు వచ్చింది గానీ, చలి వేరు, తేట ఆకాశం వేరు. మాకు అర్ధరాత్రి దాటాక లోయలో నుంచి పొగమంచు లేస్తుంది. రెండు గంటలకు చెయ్యి చాస్తే వేళ్ళు కనిపించవు. పైగా డిసెంబరులో పర్యాటకుల కార్ల హెడ్‌లైట్లు రాత్రంతా తిరుగుతుంటాయి. చింతపల్లి నుంచి నేను నిరుడు చూసిన మొత్తం ఉల్కలు ఏడు. చల్లగా ఉన్నా గాలి పొడిగా ఉండే పీఠభూమి ప్రాంతాలు, ముఖ్యంగా రాయలసీమ, పాలమూరు వైపు, మాకంటే ఎన్నో రెట్లు మేలు.

కుందూ తీరం, నంద్యాల
11 డిసెంబర్, రాత్రి 7:50

నల్లమల నీడ గారూ, మీరు నల్లమలకు అవతల, నేను ఇవతల. నేను ఒంటరిగా చూస్తాను. చలికి మీరేం చేస్తారో తెలుసుకోవాలని ఉన్నది. నిరుడు రెండు స్వెట్టర్లు వేసుకుని చాప మీద పడుకుంటే గంట తిరక్కముందే నడుము బిగుసుకుపోయింది. రాసుకోవడం ఎలాగ అన్నది కూడా చెప్పండి. టార్చి వేసి రాస్తే కళ్ళు మళ్ళీ చీకటికి అలవాటు పడటానికి సమయం పడుతున్నది.

నల్లమల నీడ, అచ్చంపేట
12 డిసెంబర్, ఉదయం 6:10

చలి పైనుంచి రాదు, కింద నుంచి వస్తుంది. ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది. కప్పినట్లు ఆపే మబ్బు ఉండదు. ఉల్కలకు మంచి రాత్రి మనిషికి చెడ్డ రాత్రి కావడం అందుకే. చాప మీద పడుకుంటే మీ ఒంటి వేడి నేలకు పోతుంది. నేను నులక మంచం వేసుకుంటాను. అయితే నులక సందుల్లో నుంచి గాలి ఈడ్చికొడుతుంది కనుక మంచం మీద ముందు జానెడు మందాన వరిగడ్డి, దాని మీద బొంత, ఆపైన నేను, నా మీద గొంగళి. గొంగళి మీద యూరియా సంచులు విప్పి కుట్టిన పట్టా ఒకటి కప్పుతాను. లేకపోతే తెల్లవారేసరికి మంచు కురిసి గొంగళి నీళ్ళు పిండుకునేంత తడుస్తుంది. తలకు మంకీ క్యాపు, కాళ్ళకు రెండు జతల మేజోళ్ళు. తలగడ ఎత్తుగా పెట్టుకోండి. మెడ ఎత్తి చూడవలసి వస్తే అరగంటలో చూపు జారిపోతుంది.

రాయడానికి టార్చి ముఖానికి పెళ్ళి బుట్టలకు చుట్టే ఎర్ర జిలుగు కాగితం నాలుగు మడతలు పెట్టి రబ్బరుతో బిగించండి. అంతకన్నా మంచి పద్ధతి చూడకుండా రాయడం. నేను అట్టకు పొడవాటి కాగితం బిగించి, ఎడమ బొటనవేలితో వరుస జరుపుకుంటూ గుడ్డిగా గీస్తాను. జెమినిడ్ అయితే అడ్డగీత, దారితప్పిన వేరే ఉల్క అయితే సున్న, పక్కన దాని కాంతి అంకె. ఉల్క వెళ్ళిన గీతను వెనక్కి పొడిగిస్తే పునర్వసు దగ్గరకు చేరాలి, నడక మరీ వేగంగా ఉండకూడదు. అప్పుడే అది జెమినిడ్. కాంతికి కొలబద్దలు ఆకాశంలోనే ఉన్నాయి: లుబ్ధకం మైనస్ 1.5, బ్రహ్మహృదయం సున్నకు దగ్గర, రోహిణి ఒకటికి దగ్గర. పదిహేను నిమిషాలకొకసారి గడియారం చూసి కాగితం మీద అడ్డంగా పెద్ద గీత గీయాలి. గడియారం సరిగ్గా ఉన్నదో లేదో ముందు రోజే సరిచూసుకోండి.

సూర్యలంక, బాపట్ల
12 డిసెంబర్, మధ్యాహ్నం 2:30

నల్లమల నీడ మాస్టారూ, మా వైపు పరిస్థితి మీకు తెలుసు. 5వ తేదీన మిచౌంగ్ తుపాను మా దగ్గరే తీరం దాటింది. కోసిన పనలు ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి. ఈ ఏడు ఉల్కలు చూసే మనసు లేదనుకున్నాను గానీ, మా వీధికి కరెంటు ఇంకా సరిగ్గా రాలేదు, రాత్రి డాబా ఎక్కితే ఎన్నడూ లేనంత చీకటిగా ఉన్నది. నిన్న పిల్లలకోడి (కృత్తిక) చుక్కలు ఏడు వరకు లెక్కపెట్టాను. గురువారం ఒక గంట చూస్తాను.

ఒక సందేహం. నవంబరులో వచ్చే లియోనిడ్ ఉల్కలు కన్ను మూసి తెరిచేలోగా పోతాయి, ఇవి నింపాదిగా పోతాయి. ఎందుకని?

వేగుచుక్క (నిర్వాహకురాలు)
12 డిసెంబర్, రాత్రి 9:15

సూర్యలంక గారూ, పంట సంగతి చాలా బాధాకరం. మీ ప్రశ్నకు జవాబు కక్ష్యల్లో ఉన్నది. లియోనిడ్ల ధూళి భూమికి ఎదురుగా వచ్చి ఢీకొంటుంది. అందుచేత వేగం సెకనుకు 71 కిలోమీటర్లు. జెమినిడ్లది 35 మాత్రమే. ఇవి తోకచుక్క నుంచి రాలినవి కూడా కావు. 1983లో ఐరాస్ అనే ఉపగ్రహం ఇచ్చిన చిత్రాల్లో ఫేథాన్ అనే గ్రహశకలం బయటపడింది. దాని కక్ష్యా జెమినిడ్ల కక్ష్యా ఒకటేనని ఫ్రెడ్ విపుల్ వెంటనే గుర్తించారు. ఏడాదిన్నరకు కొంచెం తక్కువ కాలంలో అది సూర్యుణ్ణి ఒకసారి చుట్టివస్తుంది. ఆ చుట్టులో బుధగ్రహం కంటే ఎంతో లోపలికి, భూమికీ సూర్యుడికీ ఉన్న దూరంలో ఏడో వంతు దగ్గరికి వెళ్తుంది. అక్కడ దానికి చిన్న తోక కనిపిస్తే చాలాకాలం ధూళి అనుకున్నారు. అది ధూళి కాదనీ సోడియం ఆవిరి అనీ ఈ ఏడాదే తేల్చారు. మరి ఇంత ధూళి ఎప్పుడు, ఎలా రాలిందన్నది ఇంకా తెగని చర్చ.

పునర్వసు, హైదరాబాదు
15 డిసెంబర్, ఉదయం 7:48

ఇప్పుడే ఇల్లు చేరాము. ఒక్కమాటలో చెప్పాలంటే అద్భుతం. అర్ధరాత్రి 12 నుంచి 1 గంట వరకు నలుగురం కలిసి లెక్కపెడితే 140 వచ్చాయి. పత్రికలు రాసిన 150కి పది మాత్రమే తక్కువ. నగరం వెలుగు పక్కనే ఉన్నా ఇన్ని కనిపించాయంటే ఈసారి ఉల్కాపాతం మామూలుకంటే బలంగా ఉన్నదని అనుకుంటున్నాము. ఈ లెక్కను అంతర్జాతీయ ఉల్కా సంస్థకు పంపవచ్చునా?

నల్లమల నీడ, అచ్చంపేట
15 డిసెంబర్, ఉదయం 9:30

చక్కని రాత్రి గడిపినందుకు అభినందనలు. కానీ ఆ 140ని ఇప్పుడున్న రూపంలో పంపవద్దని నా సలహా.

జెడ్.హెచ్.ఆర్. ఒక్క మనిషి కళ్ళకు సంబంధించిన సంఖ్య. నలుగురు నాలుగు దిక్కులకు పడుకుంటే ఎనిమిది కళ్ళు దాదాపు ఆకాశమంతా కాస్తాయి. ఆ మొత్తాన్ని ఒక మనిషి సంఖ్యతో పోల్చడం నాలుగు కుండల నీళ్ళను ఒక కుండ కొలతతో పోల్చడమే. పైగా ఒకరు ‘అదిగో’ అన్నప్పుడు తక్కినవారు తల తిప్పి తోక కొస మాత్రం చూసి తామూ చూశామని లెక్క వేసుకోవడం సహజంగా జరుగుతుంది. గుంపుగా చూసినా ఎవరి కాగితం వారిదే కావాలి.

నా లెక్క ఇది. అచ్చంపేటకు దక్షిణంగా మా చేనులో, 12:00 నుంచి 1:00 వరకు, విరామం లేకుండా, 61 జెమినిడ్లు, 9 ఇతర ఉల్కలు. కంటికి అందిన చివరి చుక్క 5.8 మాగ్నిట్యూడ్. ఉత్తరాన హైదరాబాదు వెలుగు దిగంతాన సన్నని పట్టీలాగా ఉన్నది. దక్షిణాన అడవి కాబట్టి నేల వరకూ చీకటే.

పునర్వసు, హైదరాబాదు
15 డిసెంబర్, ఉదయం 11:02

మీరు చెప్పినది అర్థమైంది, కానీ కొంత నిరుత్సాహం కలిగిందని దాచుకోను. ముందే ఎవరూ ఈ సంగతి చెప్పలేదు. చలిలో వణుకుతూ రాత్రంతా మేలుకొని తెచ్చిన లెక్క చెల్లదంటే ఎవరికైనా మనసుకు కష్టంగానే ఉంటుంది.

వేగుచుక్క (నిర్వాహకురాలు)
15 డిసెంబర్, మధ్యాహ్నం 12:20

అది నిజమే. ముందుగా చెప్పవలసిన మాట మేము చెప్పలేదు. ఆ తప్పు మాది. మీ వద్ద ధ్వని ముద్రణ ఏదైనా ఉన్నదా? చాలామంది ఫోనును పక్కన పెట్టి నోటితో చెబుతూ ఉంటారు. ఉంటే లెక్క పూర్తిగా పోయినట్లు కాదు.

కుందూ తీరం, నంద్యాల
15 డిసెంబర్, మధ్యాహ్నం 1:15

నా లెక్కలు సాయంత్రం పెడతాను. ముందు ఒక ఉల్క గురించి రాయాలి. 1 గంట 41 నిమిషాలకు దాదాపు నా నడినెత్తిన, కొంచెం ఉత్తరంగా ఒక ఉల్క మొదలై, పిడికిలి వెడల్పుకు తక్కువ దూరమే నడిచి, సరిగ్గా నెత్తి మీదకు వచ్చి ఆగిపోయింది. నడక పొట్టిదే గానీ వెలుగు మాత్రం చెప్పలేను. ఆగే ముందు ఒక్కసారి ఉబ్బినట్లై మా డాబా మీది నీళ్ళ ట్యాంకు నీడ నేల మీద నల్లగా పడింది. రంగు లేత పసుపు, చివర్లో ఆకుపచ్చ. కిందనున్న కుక్క మొరిగింది. చప్పుడు ఏదైనా వస్తుందేమోనని అయిదు నిమిషాలు చెవి ఒగ్గాను, ఏమీ రాలేదు.

నల్లమల నీడ, అచ్చంపేట
15 డిసెంబర్, మధ్యాహ్నం 1:52

కుందూ తీరం గారూ, మీ సందేశం చదివి లేచి నిలబడ్డాను. నా కాగితం మీద 1:38 దగ్గర పెద్ద చుక్క, దాని పక్కన ‘మైనస్ 6 లేక 7, నేరుగా దక్షిణం, నిట్టనిలువునా కిందికి’ అని రాసి ఉన్నది. అది అయిదు పిడికిళ్ళ ఎత్తున మొదలై మూడు పిడికిళ్ళకు కొంచెం పైన ఆరిపోయింది. చేయి చాచి పట్టుకున్న పిడికిలి పది డిగ్రీలు కాబట్టి, 50 డిగ్రీల దగ్గర పుట్టి 33 దగ్గర ముగిసిందని అర్థం. మా ఇద్దరికీ కనిపించినది ఒకటేనేమో.

వేగుచుక్క (నిర్వాహకురాలు)
15 డిసెంబర్, మధ్యాహ్నం 2:40

ఉత్సాహం మీద నీళ్ళు చల్లాలని కాదు గానీ రెండు ప్రశ్నలు అడగక తప్పదు. గంటకు అరవై ఉల్కలు రాలే రాత్రి మూడు నిమిషాల తేడా చిన్నది కాదు. ఆ మూడు నిమిషాల్లో వేరే ఉల్క పడి ఉండవచ్చు. రెండవది, ఒకరు పొట్టిది అంటున్నారు, మరొకరు పొడవైనది అంటున్నారు. పిడికిళ్ళ కొలత ఆ రాత్రే రాసినదా, లేక ఇప్పుడు ఈ సందేశం చదివాక గుర్తు తెచ్చుకున్నదా?

నల్లమల నీడ, అచ్చంపేట
15 డిసెంబర్, మధ్యాహ్నం 3:05

అడగవలసిన ప్రశ్నలే. కాగితం ఫొటో పెడుతున్నాను. పిడికిళ్ళ కొలత అప్పుడే వేసినది. చేయి గొంగళిలో నుంచి బయటకు తీయడానికి మనసొప్పక ఒక్క క్షణం వెనుకాడాను, ఆ మాట కూడా పక్కనే ఉన్నది. దిక్కుకు గుర్తు మా చేని గట్టు మీది ఇప్పచెట్టు. ఈ మధ్యాహ్నం దిక్సూచితో సరిచూశాను, మంచం నుంచి ఆ చెట్టు దక్షిణానికి అయిదు డిగ్రీల లోపే ఉన్నది.

పొట్టి, పొడవు సంగతికి వస్తే, అది వ్యతిరేక సాక్ష్యం కాదు, అనుకూల సాక్ష్యమే. ఆ వేళకు కేంద్రబిందువు మా ఇద్దరికీ 70 డిగ్రీల పైన ఉన్నది. కుందూ తీరం గారి నెత్తి మీద కనిపించిన ఉల్క కేంద్రానికి దగ్గరిది, అంటే దాదాపు వారి వైపే వస్తున్నది. ఎదురుగా వచ్చే బండి ఉన్నచోటే ఉన్నట్లు కనిపిస్తుంది. నేను అదే బండిని పక్క నుంచి చూశాను. వారికి పొట్టిగా కనిపించకపోతేనే నాకు అనుమానం వచ్చేది.

మూడు నిమిషాలకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

కుందూ తీరం, నంద్యాల
15 డిసెంబర్, సాయంత్రం 5:30

జవాబు నా మణికట్టు మీదనే ఉన్నది. చీకటిలో ఫోను వెలుగు కళ్ళకు పడకూడదని నాన్నగారి పాత ముళ్ళ గడియారం పెట్టుకున్నాను, దానిలో ముళ్ళు చీకటిలో మెరుస్తాయి. ఇప్పుడు ఫోనుతో సరిచూస్తే అది మూడు నిమిషాల పది సెకన్లు ముందున్నది. బస్సు తప్పిపోకూడదని నాన్నగారు దానిని ఎప్పుడూ ముందే నడిపేవారు. ఆ అలవాటు నాకు తెలిసి కూడా మరచిపోయాను. సరిచూసుకోమని మీరు 12వ తేదీనే రాశారు. సిగ్గుగా ఉన్నది.

నల్లమల నీడ, అచ్చంపేట
15 డిసెంబర్, రాత్రి 8:20

సిగ్గుపడనక్కరలేదు. నడిచే గడియారం తప్పు ఎంతో తెలిస్తే ఆ తప్పును తీసివేయవచ్చు.

ఇక లెక్క. అచ్చంపేట నుంచి నంద్యాల దాదాపు నేరుగా దక్షిణం, పటం మీద గీత గీస్తే సుమారు 100 కిలోమీటర్లు. ఉల్క ఆరిపోయిన చోటు వారికి నడినెత్తి, అంటే ఆ చోటు నంద్యాల పైన ఉన్నది. నాకు అది 33 డిగ్రీల ఎత్తున కనిపించింది. 33 డిగ్రీల టాంజెంటు 0.65, వందతో హెచ్చిస్తే 65 కిలోమీటర్లు. మొదలైన చోటు నంద్యాలకు కొంచెం ఉత్తరంగా, నాకు సుమారు 86 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 50 డిగ్రీల టాంజెంటు 1.19 కాబట్టి అక్కడ ఎత్తు దాదాపు 102 కిలోమీటర్లు.

నా పిడికిలి కొలతలో అయిదు డిగ్రీల తప్పు సులభంగా ఉంటుంది. అప్పుడు ముగిసిన ఎత్తు 53 నుంచి 78 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. అయినా వంద దగ్గర వెలగడం మొదలై, కాంతి ఎక్కువైన ఉల్క కాబట్టి మామూలు వాటికన్నా లోతుకు దిగి ఆరిపోవడం తెలిసిన విషయాలకు సరిపోతున్నది. చప్పుడు రాకపోవడం కూడా సహజమే. శబ్దం 65 కిలోమీటర్లు దిగాలంటే మూడు నిమిషాలకు పైగా పడుతుంది, అంత ఎత్తులో ఆరిపోయిన దాని చప్పుడు సాధారణంగా నేలకు చేరదు.

1798లో జర్మనీలోని గోటింగెన్‌లో బ్రాండెస్, బెంజెన్‌బర్గ్ అనే ఇద్దరు విద్యార్థులు ఇదే పద్ధతిలో మొదటిసారి ఉల్కల ఎత్తు కట్టారు. అంతవరకూ అవి మబ్బుల దగ్గరే మండుతాయని చాలామంది అనుకునేవారు. ముప్పై ఏళ్ళు తరగతిలో పిల్లలకు టాంజెంటు చెప్పాను. కొబ్బరిచెట్టు ఎత్తు, గుడి గోపురం ఎత్తు కట్టించాను. ఉల్క ఎత్తు కట్టడం ఇదే మొదలు.

సూర్యలంక, బాపట్ల
15 డిసెంబర్, రాత్రి 9:05

మాస్టారూ, చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. ఆ ఉల్క నాకు పడమర దిగంతాన కనిపించి ఉండాలి గానీ ఒంటిగంటకే కిందికి దిగిపోయాను. 12 నుంచి 1 వరకు నావి 52, ఇతరమైనవి 6. ఆకాశం హద్దు, అంటే కంటికి అందిన చివరి చుక్క, 5.6. సముద్రం వైపు తేమ వల్ల కింది చుక్కలు మసకగా ఉన్నాయి. చుక్క తెగిపడితే ఎవరో పోయినట్లని మా నాయనమ్మ లోపలికి వెళ్ళిపోయేది. ఈసారి పక్కింటి వారి అబ్బాయి నా పక్కన కూర్చుని ప్రతి దానికీ చప్పట్లు కొట్టాడు. వాడి లెక్క కలపలేదు.

పునర్వసు, హైదరాబాదు
16 డిసెంబర్, ఉదయం 10:40

వేగుచుక్క గారు అడిగిన ధ్వని ముద్రణ ఉన్నది. నిన్న రాత్రి కూర్చుని మొదటి నుంచి చివరి వరకు విన్నాను. అందరి గొంతులు కలిసిపోయాయి కానీ నాది ఒక అలవాటు పనికివచ్చింది: నేను చూసిన ప్రతిదానికీ ముందు ‘ఒకటి’ అని, తరువాత కాంతి అంకె చెబుతూ వచ్చాను. ఎవరో అరిచాక నేను తల తిప్పి చూసినవి తొలగించాను. అలా చేస్తే నా సొంత జెమినిడ్లు 47. మధ్యలో ఫ్లాస్కు మూత బిగుసుకుపోయి టీ కోసం లేచిన ఆరు నిమిషాలు కూడా ముద్రణలో స్పష్టంగా వినిపిస్తున్నాయి, మూతను తిట్టిన తిట్లతో సహా. ఆకాశం హద్దు కోసం మేము లెక్కపెట్టిన చుక్కలను పట్టికతో సరిచూస్తే 5.5 వచ్చింది. తక్కిన ముగ్గురి లెక్కలు విడదీయలేకపోయాను.

నల్లమల నీడ, అచ్చంపేట
16 డిసెంబర్, మధ్యాహ్నం 12:15

140 కంటే ఈ 47 ఎంతో విలువైనది. లెక్క వేసి చూపిస్తాను.

జెమినిడ్లకు సుమారు 2.6 అనే గుణకం వాడతారు. ఆకాశం హద్దు 6.5కి ఒక మాగ్నిట్యూడ్ తగ్గితే, కనిపించే ఉల్కలు అన్ని రెట్లు తగ్గుతాయని దాని అర్థం. మీ హద్దు 5.5 కాబట్టి 47ను 2.6తో హెచ్చించాలి. టీ ఆరు నిమిషాలు పోతే మీరు చూసినది 0.9 గంట, దానితో భాగించాలి. ఆ గంట మధ్యలో కేంద్రం ఎత్తు 62 డిగ్రీలు, దాని సైను 0.88, దానితో కూడా భాగించాలి. వచ్చేది 154.

నాది 61. హద్దు 5.8 కాబట్టి గుణకం 1.95, గంట నిండా చూశాను, సైను అదే. వచ్చేది 135. లెక్కించిన సంఖ్యకు దాని వర్గమూలమంత అనిశ్చితి ఉంటుంది కాబట్టి మీది 22 అటూ ఇటూ, నాది 17 అటూ ఇటూ. రెండింటి పరిధులూ ఒకదాని మీదకు మరొకటి వచ్చాయి. సూర్యలంక గారి 52 నుంచి సుమారు 140 వస్తుంది. మూడు ఊళ్ళు, మూడు రకాల ఆకాశాలు. పత్రికలో అచ్చయిన 150 ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు మీ చేతిలోనే ఉన్నది.

ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. నగరం నడిబొడ్డున హద్దు 3.5 ఉన్న డాబా మీద గంటకు మూడు చూసి ఇదే సూత్రం వేస్తే మూడును దాదాపు పద్దెనిమిదితో హెచ్చించవలసి వస్తుంది. అప్పుడు ఒక్క ఉల్క అటూ ఇటూ అయినా లెక్క తలకిందులవుతుంది. అటువంటి చోట చూసి ఆనందించడమే మేలు, పంపనక్కరలేదు.

పునర్వసు, హైదరాబాదు
16 డిసెంబర్, మధ్యాహ్నం 1:30

మీ కాగితం పద్ధతికే మారుతున్నాను. 47ను విరామంతో సహా ఇప్పుడే పంపాను. వచ్చే డిసెంబరుకు నలుగురికీ నాలుగు అట్టలు సిద్ధం చేస్తాను.

వేగుచుక్క (నిర్వాహకురాలు)
16 డిసెంబర్, సాయంత్రం 6:45

వచ్చే డిసెంబరు గురించి తొందరపడకండి. 2024లో జెమినిడ్ల రాత్రికి చంద్రుడు దాదాపు నిండుగా ఉంటాడు. పౌర్ణమి డిసెంబర్ 15న. జనవరి 4న వచ్చే క్వాడ్రాంటిడ్లు కూడా మనకు పట్టపగలు ముమ్మరమవుతాయి. మళ్ళీ ఇంత మంచి అవకాశం 2025 డిసెంబరులోనే. అప్పుడు నెలవంక అర్ధరాత్రి దాటాక గాని రాదు.

కుందూ తీరం, నంద్యాల
16 డిసెంబర్, రాత్రి 8:10

అంతవరకు ఆగనక్కరలేదనుకుంటాను. ఏ ఉల్కాపాతానికీ చెందని ఉల్కలు తేట ఆకాశంలో గంటకు నాలుగైదు ఎప్పుడైనా రాలుతూనే ఉంటాయి. మాస్టారూ, ఫిబ్రవరి అమావాస్యకు మనం ఇద్దరం నల్లమల పైన ఒకే ఆకాశపు ముక్కను చూద్దామా? మీరు దక్షిణానికి నలభై అయిదు డిగ్రీల ఎత్తున, నేను నడినెత్తిన. గడియారం ఈ సాయంత్రమే దుకాణంలో ఇచ్చి సరిచేయించాను. నాన్నగారి మూడు నిమిషాలూ పోయాయి.

నల్లమల నీడ, అచ్చంపేట
16 డిసెంబర్, రాత్రి 8:32

తప్పకుండా చూద్దాము. ఫిబ్రవరిలో కంది చేను కోసేసి ఉంటాము కాబట్టి ఇప్పచెట్టు పక్క నుంచి దిగంతం వరకూ అడ్డు ఉండదు. వరిగడ్డి మాత్రం ఇప్పుడే ఒక మోపు పక్కన పెడుతున్నాను, అప్పటికి పశువులు మిగల్చవు.